బరువు తగ్గే ఇంజెక్షన్ రాయనన్నారు, ఇప్పుడు నేనేం చేయాలి?

సఫిల్‌గూడ టీచర్ అడిగారు:

అందరికీ నమస్కారం. నేను మల్కాజిగిరి వైపు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. వయసు 41. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 79 కిలోలు, నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటున్నా 146/92 దగ్గరే ఉంటోంది. మూడు నెలల సగటు షుగరు 6.1 వచ్చింది. స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. థైరాయిడ్ తక్కువగా ఉందని పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటాను. మా అమ్మకు షుగరు. నాన్నగారు యాభై నాలుగేళ్ళకే గుండెపోటుతో పోయారు. నేను ఎవరి పెళ్ళిలోనో సన్నగా కనిపించాలని ఈ మందు అడగడం లేదు. ఆ సంగతి ముందే తెలియాలని ఇదంతా రాశాను.

పోయిన వారం ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాను. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పేర్చి ఫైల్లో పెట్టుకున్నాను. డాక్టరు గారు ఆ ఫైలు తెరవలేదు. సెమాగ్లుటైడ్ గానీ టిర్జెపటైడ్ గానీ నాకు పనికొస్తాయా అని అడిగాను. "అవి సినిమా వాళ్ళ మందులమ్మా. మీకు థైరాయిడ్ కూడా ఉంది కదా, పడవు. రాత్రి అన్నం మానేసి నడవండి, ఆరు నెలల తర్వాత కనిపించండి" అన్నారు. బరువు తూచే మిషను ఆ గదిలోనే, నా కుర్చీ పక్కనే ఉంది. ఎక్కమని కూడా అనలేదు. బయటికి వచ్చేసరికి తర్వాతి పేరు పిలుస్తున్నారు.

రాత్రి అన్నం నేను ఎప్పుడో మానేశాను. జొన్నరొట్టె, కూర తింటాను. సఫిల్‌గూడ చెరువు కట్ట మీద పొద్దున నడిచేవాళ్ళలో సగం మందికి నా ముఖం తెలుసు. డైటీషియన్ చెప్పినట్టు చేసి ఒకప్పుడు ఎనిమిది కిలోలు తగ్గాను. ఏడాది తిరిగేసరికి ఆ ఎనిమిదీ వచ్చాయి, వాటి మీద మరికొంత వచ్చింది. ఇవన్నీ చెప్పే అవకాశమే దొరకలేదు.

ఇప్పుడు ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో మాట అంటున్నారు. తెలిసిన మందుల షాపులో అడిగి తెస్తానని మా వారు. ఒక బ్యూటీ క్లినిక్‌లో చీటీ లేకుండానే వేస్తారని మా స్టాఫ్ రూములో ఒక టీచరు. మా అత్తగారైతే "డాక్టరు వద్దన్నాక వద్దనే" అంటారు. డాక్టరు ఒకసారి వద్దంటే అంతేనా? థైరాయిడ్ ఉన్నవాళ్ళకు ఈ మందు నిజంగా పడదా? ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే తప్పు పట్టుకుంటారా? దీన్ని దాటి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

రామంతాపూర్ ఫార్మసిస్టు రాశారు:

టీచర్ గారూ, మీ వారిని ఆగమనండి. ఇవి డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందులు. చీటీ లేకుండా ఇచ్చే షాపు ఇంకెన్ని నియమాలు వదిలేస్తుందో మీకు తెలియదు. తెరవని పెన్నును (మందు నింపి ఉండే పెన్ను ఆకారపు సిరంజిని) 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. మే నెలలో అట్టపెట్టెలో పెట్టి బైకు మీద ఊరంతా తిప్పి తెచ్చిన పెన్ను చూడటానికి బాగానే ఉంటుంది. లోపలి మందు ఎలా ఉందో ఎవరికి తెలుసు?

నకిలీల సంగతి కూడా వినండి. సెమాగ్లుటైడ్ బ్రాండు అయిన ఓజెంపిక్ పేరుతో నకిలీ పెన్నులు బయటపడ్డాయని 2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థే హెచ్చరించింది. రేపు మీకు చీటీ దొరికి కొనుక్కున్నా సరే, బిల్లు తప్పకుండా తీసుకోండి. అందులో బ్యాచ్ నంబరు ఉందో లేదో, పెట్టె మీదున్న నంబరుతో కలుస్తుందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. అనుమానం వస్తే తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగానికి చెప్పవచ్చు.

నల్లకుంట సిస్టర్ రాశారు:

అమ్మా, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఓపీలోనే గడిచింది. డాక్టరు గది తలుపు తీసుకుని బయటికి వచ్చేవాళ్ళ ముఖాలు చూసేదాన్ని. వద్దనిపించుకుని వచ్చినవాళ్ళలో చాలామంది కారణం అడగకుండానే వచ్చేవారు. అడగడం మర్యాద కాదనుకునేవారు. కారణం అడగడం మర్యాద తప్పడం కాదమ్మా. నేను చెప్పాలనుకున్నదల్లా ఇదే, మిగతా అంతా దీని వివరమే.

"వద్దు" అన్న మాట ఒకటే గానీ దాని వెనుక సంగతులు వేరువేరు. ఏ రకం వద్దో తెలిస్తేనే ఏం చేయాలో తెలుస్తుంది.

మొదటిది ఒంటికి సంబంధించినది. మీకు గానీ, మీ రక్తసంబంధీకులకు గానీ మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా, మెన్ 2 అనే వంశపారంపర్య జబ్బు ఉన్నా ఈ మందులు ఇవ్వరు. గర్భంతో ఉన్నవాళ్ళకు ఇవ్వరు. ఇదివరకు క్లోమం వాచి ఆసుపత్రిలో చేరినవాళ్ళ విషయంలో చాలా ఆలోచిస్తారు. పొట్టలో తిన్నది కదలకుండా ఉండిపోయే జబ్బు బాగా ముదిరినవాళ్ళకూ వద్దంటారు. ఇలాంటి కారణం చెబితే దండం పెట్టి ఒప్పుకోండి. ఇంకో డాక్టరు రాసిస్తానన్నా తీసుకోకండి.

రెండోది "ముందు ఇంకోటి తేలాలి" అనే వద్దు. బీపీ అదుపులో లేదనో, థైరాయిడ్ రక్తపరీక్ష పాతబడిందనో, గురక పెడుతున్నారు కాబట్టి నిద్ర పరీక్ష చేయించమనో అంటారు. వేరే జబ్బుకు వాడే మందే బరువు పెంచుతూ ఉండవచ్చు. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యం మందులు, కొన్ని షుగరు మందులు ఆ పని చేస్తాయి. ఇది వాయిదా మాత్రమే, నిరాకరణ కాదు. ఏ పరీక్ష, ఏ తేదీకి, ఆ తర్వాత ఏమిటి అన్నది రాయించుకుని రావాలి.

మూడోది డబ్బు గురించిన వద్దు. దీని దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. మనిషి కట్టుకున్న చీర, చేతిలోని సంచీ చూసి "వీళ్ళు కొనలేరులే" అని మనసులోనే అనుకుని, పైకి మాత్రం "మీకు పడదు" అనేవాళ్ళను చూశాను. కొనగలనా లేదా అన్నది నా ఇంటి లెక్క. అది నేను వేసుకోవాలి గానీ బల్లకు అవతల కూర్చున్నవారు కాదు. ఖరీదైన మాట నిజమే. టిర్జెపటైడ్ బ్రాండు అయిన మౌంజారో మన దేశానికి 2025 మార్చిలో వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్ (మందు సీసా) 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375 రూపాయలు. వారానికి ఒకటి చొప్పున అప్పట్లో నెలకు 14,000 పైమాటే. సెమాగ్లుటైడ్ సంగతి వేరు. మన దేశంలో దాని పేటెంట్ గడువు 2026 మార్చితో తీరింది, జనరిక్‌లకు దారి తెరుచుకుంది. కాబట్టి ఎవరో ఏడాది కిందట చెప్పిన ధర పట్టుకుని వెనక్కి తగ్గకండి. ఏ మందు, ఏ మోతాదు, ఈ రోజు ధరెంత అని మందుల షాపులో అడిగి కాగితం మీద వేసుకోండి. మోతాదు పెరిగే కొద్దీ ధర మారవచ్చు, అది కూడా అడగండి.

నాలుగోది అభిప్రాయం. లావుగా ఉన్నవాళ్ళు నోరు కట్టుకోలేరు, అందుకే లావయ్యారు అన్న నమ్మకం. మీకు ఎదురైనది ఎక్కువగా ఇదే అనిపిస్తోంది నాకు. తూచలేదు, ఫైలు తెరవలేదు, సలహా మాత్రం ఇచ్చేశారు. ఇలాంటి వద్దుకు మందు ఒకటే, డాక్టరును మార్చడం.

ఈ ఇంజెక్షన్ మీకు వర్తిస్తుందా అని ఒక్క నిమిషం లెక్క చూద్దాం. మీరు లెక్కల టీచరు కదా, 79ని 1.57 వర్గంతో భాగించండి. 32 వస్తుంది. ఎత్తుకు తగ్గ బరువు చూసే ఈ లెక్కనే బీఎంఐ అంటారు. బరువు కోసం ఈ మందులు మొదలుపెట్టడానికి సాధారణంగా చూసేది బీఎంఐ 30 లేదా అంతకు పైన, లేదంటే 27 ఉండి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ లాంటిది ఒకటైనా తోడై ఉండటం. మన భారతీయులకు 25 దాటితే చాలు ఊబకాయమేనని మన నిపుణులు 2009లోనే గీత గీశారు. ఆడవాళ్ళ నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదన్నారు. మీది 102. మీరు అర్హతలేనిది అడగడం లేదమ్మా.

ఇక ఈసారి వెళ్ళేటప్పుడు ఫైలు చేతికివ్వకండి. అంత లావు ఫైలు చూస్తే ఎవరికైనా తెరవబుద్ధి కాదు. ఒకే ఒక్క కాగితం ఇవ్వండి. ఒక పక్కనే రాయాలి, పెద్ద అక్షరాలతో. ఇలా:

"వయసు 41, ఎత్తు 157, బరువు 79, బీఎంఐ 32, నడుము 102. బీపీ, ఇంట్లో చూసుకున్నవి, రెండు వారాలవి, పొద్దున, రాత్రి. సగటు షుగరు 6.1, తేదీతో. కాలేయం స్కాన్, తేదీతో. థైరాయిడ్ పరీక్ష, తేదీతో. వాడే మాత్రలు, మోతాదులతో. బరువు కోసం ఇంతవరకు చేసినవి, ఎంత తగ్గాను, ఎంత తిరిగి వచ్చింది. ఇంట్లోవాళ్ళ జబ్బులు. ఇంట్లో ఎవరికైనా మెడ ఆపరేషన్ జరిగిందా, ఏ రకం గడ్డ."

ఆ కాగితం కింద మూడు ప్రశ్నలు రాసుకోండి. ఈ మందు నాకు వద్దంటే కారణమేమిటి? ఆ కారణం ఎప్పటికీ మారనిదా, సరిచేసుకోగలిగినదా? ఇది కాకపోతే ఇంకేం చేద్దాం, మళ్ళీ ఎప్పుడు చూద్దాం? జవాబులు ఓపీ చీటీ మీదే రాయించుకోండి. నోటితో అన్న వద్దు తలుపు దాటేసరికి గాలికి పోతుంది. చీటీ మీదున్న వద్దును ఇంకో డాక్టరుకు చూపించవచ్చు.

హక్కుల విషయంలో మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఫలానా మందే రాయమని ఏ డాక్టరునూ ఏ చట్టమూ బలవంతపెట్టదు. అత్యవసరమైతే తప్ప, రోగిని చూడాలా వద్దా అన్నది డాక్టరు ఇష్టమని 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలోనే ఉంది. మీకున్నవి వేరే హక్కులు. మీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని ఆ నియమావళిలోనే రాశారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో 17 అంశాలతో రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. జబ్బు గురించి వివరంగా తెలుసుకోవడం, రెండో అభిప్రాయం తీసుకోవడం అందులో ఉన్నాయి. అందుకే ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే తప్పు పట్టుకుంటారేమో అన్న జంకు వద్దు.

ఎక్కడికి వెళ్ళాలంటారా? హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ ఓపీకి. నిమ్స్‌లో ఉంది, ఉస్మానియాలో ఉంది. మీ ఇంటి నుంచి మెట్టుగూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, పంజాగుట్టలో దిగితే నిమ్స్ దగ్గరే. పొద్దున్నే వెళ్ళాలి, ఓపిక కూడా వెంట తీసుకువెళ్ళాలి. గది బయట నా బోటి సిస్టర్ ఎవరైనా ఉంటే ముందుగా ఆమెతో బరువు, బీపీ రాయించుకోండి. డాక్టరు ముందు కూర్చునేసరికి సగం పని అయిపోతుంది.

వనస్థలిపురం నుంచి ఒక పాఠకుడు రాశారు:

బ్యూటీ క్లినిక్ ఊసు మాత్రం ఎత్తకండి. మా ఆవిడ అలాంటిచోటే వేయించుకుంది. చీటీ లేదు, రక్తపరీక్ష లేదు. మొదటి వారమే పెద్ద మోతాదు ఇచ్చారని మాకు తర్వాత తెలిసింది. మంచినీళ్ళు తాగినా వాంతి. రెండో రోజు రాత్రికి నాలుక ఎండిపోయి, నిలబడితే కళ్ళు తిరుగుతుంటే ఆసుపత్రికి తీసుకువెళ్ళి సెలైన్ పెట్టించాము. ఏ మందు వేశారని అక్కడి డాక్టరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. క్లినిక్‌కు ఫోన్ చేస్తే "పేరు మేడంకే తెలుసు" అన్నారు. ఒంట్లోకి ఏ మందు వెళ్ళిందో తెలియని ఆ రాత్రి ఏ ఇంటికీ రాకూడదు.

ఒక జనరల్ మెడిసిన్ డాక్టర్ రాశారు:

నల్లకుంట సిస్టర్ గారు రాసినదాంట్లో చాలా భాగం నేనూ ఒప్పుకుంటాను. ఆ ఒక్క కాగితం ఆలోచన ప్రతి రోగీ పాటిస్తే మాకు ఎంతో మేలు. ఒక్క విషయంలో నా మాట వేరు. మొదటి మాటగానే "కారణం రాసివ్వండి" అంటే డాక్టరు దాన్ని కోర్టు నోటీసులా తీసుకుంటారు. "సార్, ఇది చీటీలో నోట్ చేస్తారా, తర్వాత గుర్తుంచుకోవడానికి" అనండి. అదే పని నెమ్మదిగా జరుగుతుంది.

థైరాయిడ్ గురించి. ఈ గందరగోళం మా వృత్తిలోనూ ఉంది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఎలుకల మీద పరీక్షించినప్పుడు ఈ మందుల వల్ల థైరాయిడ్‌లోని సి కణాలకు గడ్డలు వచ్చాయి. మెడుల్లరీ క్యాన్సర్ పుట్టేది ఆ కణాల్లోనే. అందుకే ఆ జబ్బు చరిత్ర ఉన్నవాళ్ళకు ఇవ్వకూడదన్న హెచ్చరిక. మీరు మాత్ర వేసుకుంటున్నది థైరాయిడ్ తక్కువగా పనిచేయడానికి. దానికీ దీనికీ సంబంధం లేదు. థైరాయిడ్ మాత్ర వాడటం ఒక్కటే ఈ ఇంజెక్షన్‌కు అడ్డు కాదు. బరువు తగ్గే కొద్దీ మాత్ర మోతాదు మార్చవలసి రావచ్చు, అందుకని టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష అప్పుడప్పుడు చేయించుకోవాలి. అంతే.

మేము వద్దనడానికి ఇంకో పెద్ద కారణం ఉంది, దాన్ని రోగులు కూడా ఆలోచించాలి. 2021లో వచ్చిన పరిశోధనలో సెమాగ్లుటైడ్ 2.4 మిల్లీగ్రాములు 68 వారాలు తీసుకున్నవాళ్ళు సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గారు. మీ బరువు మీద సుమారు 12 కిలోలు. కానీ ఆపేసిన ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఇది బీపీ మాత్ర లాంటి దీర్ఘకాలపు వైద్యం. మూడు నెలలు వేసుకుని మానేద్దామనుకుంటే డబ్బు దండగ. నా దగ్గరికి వచ్చేవాళ్ళను నేను మొదట అడిగేది "ఎన్నాళ్ళు వాడగలరు" అని. దానికి సిద్ధమై వచ్చిన రోగికి నేనెందుకు కాదంటాను?

రెండు ముఖ్యమైన సంగతులు. పిల్లల కోసం ప్రయత్నించే ఆలోచన ఉంటే ముందే చెప్పండి. సెమాగ్లుటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ అయితే గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గుతుంది, మొదలుపెట్టినప్పుడూ మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు వేరే జాగ్రత్త కూడా పాటించాలి. ఇంకోటి, మీ 146/92ను ఇంజెక్షన్ దొరికేదాకా అలా వదిలేయకండి. దాని మందు ఈ వారమే సరిచేయించుకోండి. ఇంజెక్షన్ గొడవలో పడి చాలామంది అసలు ప్రమాదాన్ని పక్కన పెడతారు.

చివరిగా ఫిర్యాదు గురించి. డాక్టరు మందు రాయలేదని మెడికల్ కౌన్సిల్‌కు వెళ్ళడం వల్ల ప్రయోజనం ఉండదు. అది వైద్యుడి విచక్షణ కిందికే వస్తుంది. లావు గురించి అవమానించినా, రికార్డులు ఇవ్వకపోయినా ఆ మాట వేరు. ముందు ఆసుపత్రి ఫిర్యాదుల విభాగానికి, అక్కడ కాకపోతే తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు రాయవచ్చు.

నల్లకుంట సిస్టర్ మళ్ళీ రాశారు:

డాక్టర్ బాబూ, మీరు చెప్పిన మాట తీరు నా దానికంటే బాగుంది. కానీ రోగి నెమ్మదిగా అడగాలి, డాక్టరు నొచ్చుకోకూడదు అంటూ భారమంతా రోగి మీదే వేయడం నాకు కష్టంగా ఉంది. నొప్పితో వచ్చినవాళ్ళు మాటలు కూర్చుకుని రారు. మీ తోటివాళ్ళకు మీరు కూడా కాస్త చెప్పండి, కనీసం మనిషిని తూచమనండి.

బీమా పనిలో ఉన్న ఒక పాఠకురాలు రాశారు:

డబ్బు విషయంలో చిన్న మాట. మామూలు ఆరోగ్య బీమా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, ఇంట్లో వేసుకునే ఇంజెక్షన్‌కు ఆశ పెట్టుకోవద్దు. కొన్ని ఉద్యోగుల గ్రూపు పాలసీల్లో ఓపీ ఖర్చులకు విడిగా కొంత ఉంటుంది. మీ బడి పాలసీలో ఉందేమో చూడండి, మీ వారి కంపెనీ పాలసీలో కూడా. ఊబకాయం ఆపరేషన్‌కైతే సాధారణంగా బీఎంఐ 40, లేదా 35తో పాటు తీవ్రమైన జబ్బు ఉండాలన్న షరతు ఉంటుంది. మీరు ఆ లెక్కలోకి రారు.

ఎవరికైనా క్లెయిము నిరాకరిస్తే ఏ నిబంధన కింద కాదన్నారో రాతపూర్వకంగా తీసుకోండి. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నంబరు 155255కు ఫోన్ చేసి కూడా నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగ్గా లేకపోయినా బీమా ఫిర్యాదులు విచారించి తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. హైదరాబాద్ కార్యాలయం లక్డీకాపూల్‌లో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

సఫిల్‌గూడ టీచర్ మళ్ళీ రాశారు:

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఏం జరిగిందో రాస్తున్నాను, నాలాంటి వాళ్ళకు పనికొస్తుంది.

సిస్టర్ గారు చెప్పినట్టే ఒక్క కాగితం రాశాను. "ఇంట్లో ఎవరికైనా మెడ ఆపరేషన్" అన్న దగ్గర కలం ఆగింది. కరీంనగర్‌లో ఉండే మా మేనత్తకు, నేను కాలేజీలో ఉన్నప్పుడు, మెడలో గడ్డ తీశారు. క్యాన్సరని ఇంట్లో గుసగుసలాడుకున్నారు గానీ మాకెవరికీ చెప్పలేదు. ఆవిడకు ఫోన్ చేశాను. మొదట "ఇప్పుడెందుకే ఆ సంగతి" అన్నారు. ఎందుకో చెప్పాక బీరువాలో వెతికించి, మా బావతో ఆ బయాప్సీ రిపోర్టు ఫొటో తీయించి పంపారు. కాగితం పసుపుపచ్చగా మారి, మడతల దగ్గర చిరిగి ఉంది. పాపిల్లరీ అన్న మాట మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది.

కొత్త డాక్టరు గారు ఎండోక్రైనాలజిస్టు. కాగితం చేతికివ్వగానే పైనుంచి కిందికి ఒకసారి చదివారు. మొదట అడిగింది ఆ మేనత్త గురించే. రిపోర్టు చూసి, "ఇది మెడుల్లరీ కాదు, పాపిల్లరీ. ఈ ఫొటో జాగ్రత్తగా దాచుకోండి, ఇదే ప్రశ్న మిమ్మల్ని ప్రతిచోటా అడుగుతారు" అన్నారు. పాత ఆసుపత్రిలో ఈ ప్రశ్న అడగనే లేదు. థైరాయిడ్ పేరు చెప్పి వద్దన్నారు గానీ, థైరాయిడ్ గురించి అడగవలసిన ఒక్క ప్రశ్న అడగలేదు. నాకు కోపం మందు రాయనందుకు కాదు, ఇందుకు.

ఆ రోజే ఇంజెక్షన్ రాయలేదు. బీపీకి రెండో మాత్ర చేర్చారు, కొత్తగా రక్తపరీక్షలు రాశారు, పిత్తాశయంలో రాళ్ళున్నాయేమో స్కాన్ చేయించమన్నారు. బరువు వేగంగా తగ్గినప్పుడు రాళ్ళు ఏర్పడే అవకాశం ఉందట. ఇదంతా ఎందుకో చెప్పారు, చీటీ మీద తేదీ వేశారు. సిస్టర్ గారూ, మీరన్న రెండో రకం వద్దు ఇదే కదా. ఇలాంటి వద్దు వినడం నాకు కష్టం కాలేదు.

రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి. నిన్న సెమాగ్లుటైడ్ రాశారు, 0.25 మిల్లీగ్రాములతో మొదలు, నాలుగు వారాలకోసారి చూసి పెంచుతారు. జనరిక్ ధర తెలుసుకుని, మా వారూ నేనూ కూర్చుని రెండేళ్ళకు లెక్క వేశాము. కుదురుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు ప్రతిపూటా ఉండాలని, కండ తగ్గకుండా బరువులెత్తే వ్యాయామం చేయమని చెప్పారు. ఒక్కటే దిగులు, క్లాసులో వాంతి వచ్చినట్టుంటే ఎలా? వారంలో ఏ రోజు వేసుకుంటే మంచిది?

నల్లకుంట సిస్టర్ రాశారు:

నా బంగారు తల్లీ, ఎంత మంచి వార్త! శుక్రవారం రాత్రి వేసుకో. వికారం ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజులే ఉంటుంది, శని ఆదివారాలు ఇంట్లో గడిచిపోతాయి. మీకు శనివారం బడి ఉంటే శనివారం సాయంత్రం వేసుకో. ప్రతి వారం అదే రోజు. ఒకేసారి కడుపు నిండా తినకు, నూనె వేపుళ్ళు, పులిహోర ఆ రెండు రోజులూ పక్కన పెట్టు. మంచినీళ్ళు కొంచెం కొంచెంగా తాగుతూ ఉండు. పొట్ట పైభాగంలో మొదలై వెన్నులోకి పాకే గట్టి నొప్పి వచ్చి తగ్గకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళు, వెళ్ళేటప్పుడు మందు పెట్టె కూడా చేతిలో పట్టుకుని వెళ్ళు.